మ్యూజికల్ నడుస్తుండగా పాటలెలా మారాయో వెతికి పట్టుకోవడం: ‘హలో, డాలీ!’ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

1970 మార్చి 28న న్యూయార్క్‌లోని సెయింట్ జేమ్స్ థియేటర్‌కి ‘హలో, డాలీ!’ అనే మ్యూజికల్, అంటే పాటలతో నడిచే స్టేజీ నాటకం, చూడ్డానికి వెళ్ళినవాళ్ళు రెండు పాటలు అదనంగా విన్నారు. అంతకుముందు ఆరేళ్ళుగా అదే థియేటర్లో అదే నాటకం చూసిన లక్షల మందికి ఆ పాటలున్నాయని కూడా తెలియదు. ఆ రోజు నాయిక డాలీ వేషంలోకి ఎథెల్ మెర్మన్ అనే నటి వచ్చింది. ఆమెతో పాటు ‘వరల్డ్, టేక్ మీ బ్యాక్’, ‘లవ్, లుక్ ఇన్ మై విండో’ అనే రెండు పాటలూ వచ్చాయి.

మ్యూజికల్ అంటే ఆల్బమ్‌లో ఉన్న పాటల వరుసే అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆల్బమ్ అంటే పెళ్ళిలో తీసిన ఒక్క ఫోటో లాంటిది. ఫోటోలో లేనివాళ్ళు పెళ్ళికి రాలేదని కాదు, ఉన్నవాళ్ళందరూ చివరిదాకా ఉన్నారనీ కాదు. ఏ పాట ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, ఎవరి కోసం మారింది అన్నది తెలియాలంటే కాస్త ఓపిగ్గా వెతకాలి. ఎలా వెతకాలో వరుసగా చెబుతాను. జెర్రీ హెర్మన్ పాటలూ సంగీతమూ, మైకేల్ స్టూవర్ట్ రచన, గవర్ ఛాంపియన్ దర్శకత్వంలో వచ్చిన ‘హలో, డాలీ!’నే ఉదాహరణగా తీసుకుంటాను. పాటలు మారడానికి ఉండగల కారణాలు దాదాపు అన్నీ ఈ ఒక్క నాటకంలో దొరుకుతాయి.

మొదటి అడుగు: ఒక్క ప్రొడక్షన్‌ని ఎంచుకుని తేదీలు రాసుకోండి

నాటకం పేరు రాసుకుంటే సరిపోదు. ఏ ఊరు, ఏ థియేటర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ముందు కాగితం మీద పెట్టాలి. ‘హలో, డాలీ!’కి అది ఇలా ఉంటుంది: 1963 నవంబర్ 18న డెట్రాయిట్‌లోని ఫిషర్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన, ఆ తర్వాత వాషింగ్టన్, 1964 జనవరి 16న న్యూయార్క్‌లో ఓపెనింగ్, 1970 డిసెంబర్ 27న ఆఖరి ఆట. న్యూయార్క్‌లో మొత్తం 2,844 ప్రదర్శనలు.

ఈ కాలాన్ని మూడు ముక్కలు చేసుకోండి. మొదటిది న్యూయార్క్‌కి రాకముందు వేరే ఊళ్ళలో ఆడి చూసుకునే కాలం. దాన్ని అక్కడివాళ్ళు ట్రైఔట్ అంటారు. పాటలు అన్నిటికన్నా ఎక్కువగా మారేది అప్పుడే. రెండోది ప్రివ్యూల కాలం. టికెట్టు కొన్న ప్రేక్షకులు కూర్చుంటారు, కానీ నాటకం ఇంకా పూర్తి కానట్టే లెక్క. ఓపెనింగ్‌కి కొద్దిరోజుల ముందు దర్శకుడు ఇక మార్పుల్లేవని చెప్పేస్తాడు. దాన్నే ‘ఫ్రీజ్’ చేయడం అంటారు. మూడోది ఓపెనింగ్ నుంచి ఆఖరి ఆట దాకా. ఫ్రీజ్ చేశాక ఇంకేం మారదనుకుని ఈ మూడో ముక్కని అందరూ వదిలేస్తారు. మెర్మన్ పాటలు చేరింది మాత్రం సరిగ్గా ఆ ముక్కలోనే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. లండన్ ప్రొడక్షన్‌నీ న్యూయార్క్ ప్రొడక్షన్‌నీ ఒకే పట్టికలో కలపకండి. మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఎ.ఆర్. రెహమాన్ సంగీతం ఇచ్చిన ‘బాంబే డ్రీమ్స్’. ‘ఒకే ఒక్కడు’లో మనం విన్న ‘షకలక బేబీ’ బాణీ ఆ నాటకంలో ఇంగ్లీషు మాటలతో లండన్ స్టేజీ ఎక్కింది. అది 2002 జూన్ 19న లండన్‌లోని అపోలో విక్టోరియా థియేటర్‌లో మొదలై 2004 జూన్ దాకా నడిచింది. న్యూయార్క్‌లో 2004 ఏప్రిల్ 29న మొదలైంది. అంటే కొన్ని వారాల పాటు రెండు ఊళ్ళలోనూ ఒకేసారి ఆడింది. కానీ న్యూయార్క్ కోసం థామస్ మీహన్ అనే రచయిత కథని తిరగరాశారు, పాటల్లోనూ మార్పులు జరిగాయి. కాబట్టి అవి రెండు వేర్వేరు ప్రొడక్షన్‌లు. ‘రెహమాన్ పాట తీసేశారు’ అని ఎవరైనా అంటే, ఏ ఊళ్ళో అని ముందు అడగాలి.

రెండో అడుగు: పాత ప్రోగ్రామ్‌లు సంపాదించండి

మీకు దొరికే అసలైన సాక్ష్యం ప్రోగ్రామ్ పుస్తకం. న్యూయార్క్ థియేటర్లలో ప్లేబిల్ అనే చిన్న పుస్తకం ప్రతి ప్రేక్షకుడి చేతికీ ఉచితంగా ఇస్తారు. లండన్‌లో కొనుక్కోవాలి. అందులో నటీనటుల పేర్ల తర్వాత ‘మ్యూజికల్ నంబర్స్’ అనే పేజీ ఉంటుంది. ఏ అంకంలో ఏ పాట, ఎవరు పాడతారు అన్నది అక్కడ వరుసగా అచ్చు వేస్తారు. మనకు కావలసింది ఆ ఒక్క పేజీ.

ఒక పాత ప్లేబిల్ చేతికొస్తే ఇలా చూడండి. ముందు తేదీ వెతకండి. కవర్ మీద లేకపోయినా లోపల ఎక్కడో వారమో నెలో వేసి ఉంటుంది. తర్వాత పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని మెల్లగా దులపండి. మధ్యలోంచి చిన్న కాగితం ముక్క రాలిందంటే అదృష్టమే. ‘ఈ ఆటలో ఫలానా పాత్ర ఫలానావారు వేస్తున్నారు’ అని చెప్పే చీటీ అది. కొన్నిసార్లు పాటల జాబితా మొత్తాన్ని కొత్తగా వేసి అలా లోపల పెడతారు. పుస్తకం ముందే అచ్చయిపోయి, ఆ తర్వాత పాట మారిందంటే మరో దారి లేదు కదా. పుస్తకంలోని జాబితాకీ చీటీలోని జాబితాకీ తేడా కనిపించిందంటే, ఆ వారంలో ఏదో జరిగిందన్నమాట. పాతవి అమ్మేవాళ్ళు చాలామంది ఈ చీటీల విలువ తెలియక పారేస్తుంటారు. అమ్మకానికి పెట్టినవాళ్ళని ‘లోపల విడి కాగితాలేమైనా ఉన్నాయా?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

కనీసం మూడు ప్రోగ్రామ్‌లు కావాలి: ట్రైఔట్ నాటిది ఒకటి, ఓపెనింగ్ వారానిది ఒకటి, ఆఖరి సంవత్సరానిది ఒకటి. ముఖ్య నటి మారిన ప్రతిసారీ ఒకటి దొరికితే మరీ మంచిది. డాలీ పాత్రకైతే కేరొల్ ఛానింగ్ తర్వాత 1965లో జింజర్ రోజర్స్, ఆ తర్వాత మార్తా రే, బెట్టీ గ్రేబుల్, 1967 నవంబర్‌లో పూర్తిగా నల్లజాతి నటీనటులతో పెర్ల్ బెయిలీ, ఆ పైన ఫిలిస్ డిల్లర్, చివరికి మెర్మన్ వచ్చారు. అంటే ఏడుగురు డాలీలు, కనీసం ఏడు ప్రోగ్రామ్‌లు.

ఎక్కడ దొరుకుతాయి? న్యూయార్క్‌లో లింకన్ సెంటర్‌లో ఉన్న పబ్లిక్ లైబ్రరీ ప్రదర్శన కళల శాఖ ఇందుకు పెద్ద గని. లండన్ నాటకాలకి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం థియేటర్ సేకరణ ఉంది. ఇంట్లో కూర్చుని వెతకాలంటే ఇంటర్నెట్ బ్రాడ్‌వే డేటాబేస్ ఉచితమే (న్యూయార్క్ పెద్ద థియేటర్లన్నిటినీ కలిపి బ్రాడ్‌వే అంటారు). అమెరికాలో మనవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. న్యూజెర్సీలో ఉన్న మేనత్తో, పెద్దనాన్న కొడుకో ఒక శనివారం ఆ లైబ్రరీకి వెళ్ళి రాగలరేమో అడిగి చూడండి.

మూడో అడుగు: పట్టిక గీయండి

పెద్ద కాగితం తీసుకోండి, లేదా ఎక్సెల్ తెరవండి. ఎడమవైపు పాటల పేర్లు, పైన తేదీలు. ప్రతి గడిలో ‘ఉంది’, ‘లేదు’, లేదా ‘తెలియదు’ అని రాయండి. ‘తెలియదు’ అని రాయడానికి వెనకాడకండి. అది ‘లేదు’తో సమానం కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే తప్పుడు కథలు పుడతాయి.

‘హలో, డాలీ!’ నుంచి నాలుగు వరుసలు నింపి చూద్దాం.

‘పెన్నీ ఇన్ మై పాకెట్’: హోరెస్ వాండర్‌గెల్డర్ అనే ధనిక వ్యాపారి పాత్ర పాట. డెట్రాయిట్‌లో ఉంది, మొదటి అంకం ముగింపు దానితోనే. న్యూయార్క్ ఓపెనింగ్‌కి లేదు.

‘బిఫోర్ ది పరేడ్ పాసెస్ బై’: ట్రైఔట్ మొదట్లో లేదు. డెట్రాయిట్‌లో ఉండగానే వచ్చింది. న్యూయార్క్‌లో మొదటి అంకం ముగింపుగా ఆఖరి ఆట దాకా ఉంది.

‘కమ్ అండ్ బీ మై బటర్‌ఫ్లై’: న్యూయార్క్ ఓపెనింగ్ జాబితాలో రెండో అంకంలో ఉంది. నాటకం నడుస్తుండగానే తీసేసి ఆ చోట పోల్కా నృత్య పోటీ పెట్టారు.

‘వరల్డ్, టేక్ మీ బ్యాక్’: 1970 మార్చి దాకా లేదు. ఆ తర్వాత ఆఖరి ఆట దాకా ఉంది.

నాలుగు వరుసల్లో నాలుగు రకాల బతుకులు. ఒకటి న్యూయార్క్ చూడకుండానే పోయింది, ఒకటి చివరి నిమిషంలో వచ్చి నిలబడిపోయింది, ఒకటి ఓపెనింగ్ చూసి మధ్యలో దిగిపోయింది, ఒకటి ఆరేళ్ళు ఆగి వచ్చింది. పట్టిక గీయకపోతే ఈ తేడా కంటికి ఆనదు.

నాలుగో అడుగు: ఆల్బమ్‌లకు తేదీ కట్టండి

అమెరికాలో పాతకాలం ఆనవాయితీ ఏమిటంటే, ఓపెనింగ్ తర్వాత వచ్చే మొదటి ఆదివారం నటీనటులందరూ స్టూడియోకి వెళ్ళి ఒక్కరోజులో ఆల్బమ్ రికార్డు చేసేవారు. కాబట్టి ఆల్బమ్ చెప్పేది ఆ వారం సంగతి మాత్రమే. పైగా ఎల్పీ రికార్డు రెండు వైపులా కలిపి దాదాపు 50 నిమిషాలకు మించి పట్టేది కాదు. అందుకని స్టేజీ మీద ఉన్న పాట కూడా చోటు చాలక ఆల్బమ్‌లో రాకపోవచ్చు. ఆల్బమ్‌లో లేదు కాబట్టి నాటకంలో లేదు అనుకోకండి.

ఒకే ప్రొడక్షన్‌కి రెండు ఆల్బమ్‌లుంటే మీ పని సగం అయినట్టే. పెర్ల్ బెయిలీ బృందం 1967లో విడిగా ఆల్బమ్ చేసింది. దాన్ని ఛానింగ్ ఆల్బమ్ పక్కన పెట్టి వినండి. లండన్‌లో ‘స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్’ది ఇంకా పెద్ద కథ. నటీనటులు రోలర్ స్కేట్లు కట్టుకుని రైళ్ళుగా పరుగెత్తే ఈ నాటకం 1984 మార్చి 27న మొదలై 2002 జనవరి 12 దాకా 7,409 ఆటలు ఆడింది. మధ్యలో 1992లో దాన్ని దాదాపు విప్పి మళ్ళీ కట్టారు. ‘ఓన్లీ యూ’ అనే ప్రేమపాట పోయి, డాన్ బ్లాక్ మాటలు రాసిన ‘నెక్స్ట్ టైమ్ యూ ఫాల్ ఇన్ లవ్’ వచ్చింది. 1984లో ఒక ఆల్బమ్, 1993లో ఇంకో ఆల్బమ్. రెండూ ఒకే లండన్ ప్రొడక్షన్‌వి, పాటల్లో మాత్రం తేడాలున్నాయి. అది నడిచిన అపోలో విక్టోరియా థియేటర్లోకే తర్వాత ‘బాంబే డ్రీమ్స్’ వచ్చింది, దానికీ డాన్ బ్లాకే మాటలు రాశారు.

ఐదో అడుగు: ఎందుకు మారిందో అడగండి

అసలు పని ఇదే. ఏం మారిందో పట్టిక చెబుతుంది, ఎందుకన్నది మీరు తవ్వుకోవాలి. పాట బాగాలేక తీసేశారని తేల్చేసేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. నా లెక్కలో అది అన్నిటికన్నా తక్కువసార్లు నిజమయ్యే కారణం. మంచి పాటలే పోతాయి.

ప్రేక్షకులకు నాటకం అర్థం కాకపోవడం ఒక కారణం. 1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెండ్ ఆన్ ది వే టు ది ఫోరమ్’ వాషింగ్టన్‌లో ఆడుతున్నప్పుడు జనం నవ్వలేదు. అది మొదటి నుంచి చివరి దాకా నవ్వించాల్సిన నాటకం. సలహా కోసం పిలిస్తే దర్శకుడూ నృత్య దర్శకుడూ అయిన జెరోమ్ రాబిన్స్ వచ్చి చూశాడు. లోపమంతా మొదటి పాటలో ఉందన్నాడు. అప్పుడున్న ‘లవ్ ఈజ్ ఇన్ ది ఎయిర్’ మెత్తని పాట. అది విన్న జనం ఏదో సున్నితమైన ప్రేమకథ అనుకుని కూర్చున్నారు, ఆ తర్వాత వచ్చిన అల్లరి వాళ్ళకి పట్టలేదు. నాటకానికి పాటలు రాసిన స్టీఫెన్ సోండ్‌హైమ్ దాని స్థానంలో ‘కామెడీ టునైట్’ రాశాడు. ఈ రాత్రి నవ్వులే నవ్వులు అని ముందే చెప్పేసే పాట. మిగతా నాటకం అదే, జనం నవ్వడం మొదలుపెట్టారు. మన నాటకాల్లో ప్రస్తావన పాడి సూత్రధారుడు కథకి దారి చూపేది ఇందుకే అని నాకప్పుడు అనిపించింది.

కథ బరువు ఎవరి మీద ఉండాలన్నది రెండో కారణం. ‘పెన్నీ ఇన్ మై పాకెట్’ పోయింది అందుకే. డెట్రాయిట్‌లో సమీక్షలు బాగా రాలేదు, నిర్మాత డేవిడ్ మెరిక్ మండిపడుతున్నాడు, అందరికీ టెన్షన్. మొదటి అంకం చివర వ్యాపారి తన డబ్బు సంగతి పాడితే జనం ఇంటర్వెల్‌కి అతన్ని తలుచుకుంటూ బయటికి వెళతారు. నాటకం డాలీది. భర్త పోయాక ముడుచుకుపోయిన మనిషి మళ్ళీ బతుకులోకి రావాలని నిర్ణయించుకునే ఘడియ అక్కడ కావాలి. హెర్మన్ డెట్రాయిట్ హోటల్ గదిలో ‘బిఫోర్ ది పరేడ్ పాసెస్ బై’ రాశాడు. ఊరేగింపు నన్ను దాటి వెళ్ళిపోకముందే అందులో కలుస్తాను అనే పాట. ఆ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిది పదాల పొందిక చక్కగా ఉన్న పాట, నాకిష్టం కూడా. కానీ దాని తర్వాత తెర పడితే మనసులో ఏమీ మిగలదు.

మూడో కారణం మనిషి. ‘హలో, డాలీ!’ని హెర్మన్ మెర్మన్‌ని మనసులో పెట్టుకునే రాశాడు. ఆమె అప్పుడు కాదంది. పాత్ర ఛానింగ్‌కి వెళ్ళింది, మెర్మన్ గొంతు కోసం రాసిన రెండు పాటలూ పక్కకి వెళ్ళాయి. నాటకం ఆఖరి సంవత్సరంలో మెర్మన్ ఒప్పుకునేసరికి ఆ పాటలు సొరుగులోంచి బయటికొచ్చాయి. 1970లో ‘చేరిన’ పాటలు నిజానికి 1964 కన్నా ముందువి. పట్టికలో అవి చివర కనిపిస్తాయి కాబట్టి కొత్తవని రాసేస్తే పొరపాటు. అందుకే ప్రతి పాటకీ ‘రాసిన కాలం’, ‘స్టేజీ ఎక్కిన కాలం’ అని రెండు గడులు పెట్టుకోండి.

నాలుగోది గడియారం. న్యూయార్క్‌లో ఆట మూడు గంటలు దాటితే వాద్యకారులకూ తెరవెనక పనివాళ్ళకూ ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 1987 మార్చి 12న న్యూయార్క్‌లో మొదలైన ‘లే మిజెరాబ్ల్’ మూడు గంటల పైచిలుకు నడిచేది. 2000-2001 ప్రాంతంలో దాన్ని మూడు గంటల లోపుకి తెచ్చారు. పెద్ద పాటల్ని తీసేయలేదు. ఇక్కడ రెండు చరణాలు, అక్కడ నాలుగు పంక్తులు, పాటకీ పాటకీ మధ్య సంగీతం, ఇలా చిన్నచిన్నగా కోశారు. ఇలాంటి మార్పు ప్రోగ్రామ్‌లో కనిపించదు. పాట పేరు అలాగే ఉంటుంది, లోపల చరణం ఉండదు.

ఆరో అడుగు: పాట లోపలికి వెళ్ళండి

అంటే పేరు మారకుండా లోపల మారినవాటి కోసం వెతకాలి. శ్రుతి, వేగం, చరణాల సంఖ్య, ఎంతమంది పాడుతున్నారు అన్నవి గమనించండి. 1943లో ‘ఓక్లహోమా!’కి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేసరికి జరిగింది ఇదే. న్యూహేవెన్‌లో ‘అవే వుయ్ గో!’ అనే పేరుతో మొదలైంది. అందులో ‘ఓక్లహోమా’ పాట ప్రధానంగా హీరో ఒక్కడిది. బోస్టన్‌కి వచ్చాక దాన్ని బృందం మొత్తం పాడే పాటగా మార్చారు. అది ఎంత పేలిందంటే నాటకం పేరే అదయింది. 1943 మార్చి 31న న్యూయార్క్‌లో మొదలైంది. తర్వాతి కాలంలో డాలీ ఏలిన సెయింట్ జేమ్స్ థియేటర్‌లోనే.

పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణుడి వేషధారి మారితే పద్యం మారదు, రాగాలాపన మారుతుంది. జనం ‘వన్స్‌మోర్’ అంటే ఇంకో నిమిషం పెరుగుతుంది. హార్మోనియం ఆయన నటుడి గొంతు చూసి అప్పటికప్పుడు శ్రుతి సర్దుతాడు. బ్రాడ్‌వేలో అది కుదరదు. స్టేజీ ముందున్న గుంతలో పాతికమంది దాకా వాద్యకారులు కూర్చుంటారు, ప్రతి ఒక్కరి ముందూ రాసిన కాగితమే ఉంటుంది. కొత్త నటి గొంతుకి పాట అర మెట్టు దించాలంటే పాతిక కాగితాలూ మారాలి. 1963లో ఆ పనంతా చేత్తోనే. రాత్రికి రాత్రి నకళ్ళు రాసేవాళ్ళు పొద్దుటి రిహార్సల్‌కి అందించాలి. అందుకే ఆ వాద్య ప్రతులు పరిశోధకులకి బంగారం. కొట్టేసిన గీతలు, పైన అతికించిన కాగితం ముక్కలు, పెన్సిల్‌తో ‘ఇక్కడ ఆగు’, ‘ఇది వదిలేయ్’ అన్న గుర్తులు వాటిలో ఉంటాయి. అతికించిన ముక్క అంచు లేచిన చోట కింద పాత స్వరాలు కనిపిస్తాయి. లైబ్రరీలో అలాంటివి చూసే అవకాశం వస్తే వదలకండి. అంచుని మీరు లేపకండి, అక్కడి సిబ్బందిని అడగండి.

ఏడో అడుగు: రెండు గోతులు తప్పించుకోండి

ఒకటి సినిమా. 1969 డిసెంబర్‌లో బార్బ్రా స్ట్రైసాండ్‌తో ‘హలో, డాలీ!’ సినిమా వచ్చింది. అప్పటికి నాటకం ఇంకా నడుస్తూనే ఉంది. సినిమా మొదట్లో డాలీ పాడే ‘జస్ట్ లీవ్ ఎవ్రీథింగ్ టు మీ’ సినిమా కోసం రాసింది. స్టేజీ మీద ఆ చోట ఉన్నది ‘ఐ పుట్ మై హ్యాండ్ ఇన్’. మనలో చాలామందికి సినిమానే మొదటి పరిచయం కాబట్టి ఈ రెండూ తారుమారవుతుంటాయి.

రెండోది, ఇప్పుడు స్కూళ్ళూ క్లబ్బులూ ఆడుకోవడానికి హక్కులతో పాటు ఇచ్చే పుస్తకం. అది ఏదో ఒక దశలో స్థిరపరిచిన ప్రతి. ఓపెనింగ్ రాత్రి వినిపించింది అదే అనుకోవద్దు. డాలీ పుస్తకంలో పోల్కా పోటీ ఉంటుంది, బటర్‌ఫ్లై పాట ఉండదు. ఎవరైనా ‘నా దగ్గర స్క్రిప్టు ఉంది, అందులో లేదు’ అంటే, వాళ్ళకి ఓపెనింగ్ నాటి ప్లేబిల్ పేజీ చూపించండి.

ఇదంతా అయ్యాక పట్టికలో ‘తెలియదు’ అని రాసిన గడులు కొన్ని మిగిలే ఉంటాయి. ఉండనివ్వండి. రేపెప్పుడో ఒక పాత ప్లేబిల్‌లోంచి చీటీ రాలినప్పుడు వాటి పని పడుతుంది.

ఇంకో మాట. ‘పెన్నీ ఇన్ మై పాకెట్’ వరుసలో డెట్రాయిట్ దగ్గరే ఆగిపోయాం కదా. 2017లో బెట్ మిడ్లర్ డాలీగా న్యూయార్క్‌లోని షూబర్ట్ థియేటర్‌లో నాటకాన్ని మళ్ళీ వేసినప్పుడు, రెండో అంకం తెర లేవగానే వాండర్‌గెల్డర్ వేషంలో డేవిడ్ హైడ్ పియర్స్ ఆ పాట పాడాడు. 54 ఏళ్ళ తర్వాత. అప్పటికి హెర్మన్ ఇంకా ఉన్నాడు. ఆ తేదీని మీ పాత పట్టికలో రాయకండి, అది వేరే ప్రొడక్షన్. కొత్త కాగితం తీసుకుని, మొదటి వరుసలో ఆ పాట పేరే రాయండి.